ఘాట్‌లో అరుపు, ఊళ్లో గుయ్యిమనే మోత

శనివారం. అలిపిరి వైపు పొద్దున్నుంచీ బండ్ల వరుసే. ఇట్లాంటి రోజుల్లో షెడ్డుకొచ్చే సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్ గేర్ బాక్స్) కార్లవాళ్ల మాట ఒకటే: "కొండెక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తా ఉంది అన్నా, స్పీడు మాత్రం రాలేదు."

ఆ అరుపులో తొంభై పాళ్లు జబ్బు కాదు. సీవీటీలో మార్చడానికి గేర్లుండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య స్టీలు బెల్టు, అంతే. స్కూటీలో రబ్బరు బెల్టుతో నడిచేదీ ఈ పద్ధతే. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, ఇంజిన్‌ని బలం ఎక్కువుండే 4000, 5000 ఆర్పీఎం దగ్గర నిలబెట్టి పుల్లీల సందు మారుస్తూ వేగం పెంచుతుంది. గేరు పడ్డప్పుడల్లా మోత తగ్గడం అలవాటైన చెవికి ఇది కొత్త. కాలు సగం ఎత్తగానే ఆర్పీఎం దిగిందంటే బండి బాగుంది.

మెలికలు ఎక్కువున్న 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేర్ లివరుని ఎల్ (లో) కి వేస్తే ఇంజిన్ మళ్లీ మోగుతుంది. భయపడి డి (డ్రైవ్) లోకి మార్చేస్తారు. దయచేసి మార్చొద్దు. అది ఇంజిన్ బ్రేకు, డిస్కులు కాలకుండా కాపాడేది అదే.

ఈ రోజు లిఫ్టు మీద ఉన్న బండి సంగతి వేరు. 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య, కాలు తేలిగ్గా పెట్టినప్పుడు మాత్రమే లోపలంతా గుయ్యిమని మోత. పెట్రోలు ఆదా కోసం సీవీటీ ఆ వేగంలో ఇంజిన్‌ని 1200, 1400 ఆర్పీఎంకి దించేస్తుంది. అప్పుడు పుట్టే దడ, ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటు రబ్బరులో చావాలి. రబ్బరు చిట్లితే బాడీకెక్కుతుంది. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి డి, ఆర్ (రివర్స్) మార్చాలి. బండి ముందు ఎవరూ నిలబడకూడదు. ఇంజిన్ ఎగిరి పడితే మౌంటు పోయినట్టే. దీనిది ద్రవం నింపిన మౌంటు. కింద నల్లటి జిడ్డు కారి ఎండిపోయి ఉంది. సైలెన్సర్ మీది రేకు కూడా తట్టి చూడాలి. బోల్టు వదులైతే ఇదే ఆర్పీఎం దగ్గర అదీ గలగలలాడుతుంది.

నిజంగా భయపడాల్సింది సన్నని ఈలకి. బండి నిలిపి ఎన్ (న్యూట్రల్) లో ఇంజిన్ రేజ్ చేసినప్పుడూ వస్తే ఇంజిన్ బయట ఉండే బెల్టు పుల్లీలు చూడాలి. బండి వేగంతో పాటు పెరుగుతూ, స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ తిప్పితే మారితే వీల్ బేరింగ్. కాలు నొక్కినప్పుడొకలా ఎత్తినప్పుడొకలా పలికితే గేర్ బాక్స్ లోపలి బేరింగ్ మీద అనుమానం. ఆర్పీఎం ఎగిరి వేగం రాకపోతే, కుదుపూ ఉంటే, బెల్టు జారుతోంది. ఇక బండి నడపకుండా లాక్కొచ్చేయడమే.

బెల్టు జారడానికి మూలం చాలాసార్లు ఆయిలే. స్టీలు మీద స్టీలు జారకుండా పట్టేలా చేసేది ఆ సీవీటీ ఆయిలు. చవకని ఏటీఎఫ్ (మామూలు ఆటోమేటిక్ గేర్ బాక్సుల ఆయిలు) పోస్తే ఆ పట్టు పోతుంది, పుల్లీ ముఖం గీసుకుపోతుంది. డ్రెయిన్ చేస్తే చాలా బండ్లలో 3, 4 లీటర్లే దిగుతుంది. మిగిలింది లోపలే ఉంటుంది. అందుకే మాడిపోయిన ఆయిలైతే కొన్ని వందల కిలోమీటర్లు నడిపి రెండోసారి మార్చడం మంచిది. కింది ఆయిల్ పాన్ విప్పితే అందులోని అయస్కాంతాన్ని వేలితో రాసి చూడాలి. మెత్తటి బూడిద రంగు ముద్ద మామూలే. గోరుకు గుచ్చుకునే రజను తగిలితే గేర్ బాక్స్ విప్పక తప్పదు. డ్రెయిన్ బోల్టుకి వాషరు కొత్తది వేసి, బండి లెవెల్‌గా ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన డిగ్రీలకొచ్చిందని స్కానర్‌లో చూశాకే లెవెల్ సరిచేయాలి. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఈ బండి ఆయిల్ ఎర్రగా, వాసన లేకుండా ఉంది కాబట్టి ముట్టుకోలేదు. కొత్త మౌంటు సోమవారం వస్తుంది. బిగించాక రేణిగుంట రోడ్డులో 50 దగ్గర కాలు తేలిగ్గా పెట్టి చూడాలి.