స్పానిష్ నేర్పేముందు వాళ్ల ఇంగ్లిష్ వినండి

స్పానిష్ క్లాసులో అందరికీ ఒకే డ్రిల్ చేయిస్తే సగం మందికి అది దండగ. ఎవరి ఇంగ్లిష్‌లో ఏ ధ్వని ముందే ఉందో చూసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

'పెరో' (కానీ)లోని ఒంటి ర సంగతే చూడండి. అమెరికన్ల నోట్లో అది ఉంది, కాకపోతే దాన్ని వాళ్లు ర అనుకోరు. 'సిటీ', 'వాటర్' అన్నప్పుడు వాళ్ల ట పలికే తీరు గమనించండి: నాలుక కొన పైపళ్ల వెనక చిగురుకు ఒక్కసారి తగిలి జారిపోతుంది. స్పానిష్ ర అదే. 'పాట్ ఆఫ్ టీ'ని గబగబా అనిపిస్తే 'పారా తీ' (నీకోసం) దగ్గరికి వచ్చేస్తారు. ఆస్ట్రేలియన్లలోనూ చాలామందికి ఈ చిట్కా పారుతుంది.

లండన్‌లో ఆ ట‌ని గొంతులోనే మింగేసేవాళ్లకు పారదు. పైగా హల్లు ముందు ర‌ని వదిలేయడం వాళ్ల అలవాటు, 'కార్తా' (ఉత్తరం) కాస్తా 'కాతా' అయిపోతుంది. ముందు 'కారతా' అనిపించి, మధ్య అచ్చును మెల్లగా తగ్గిస్తూ రండి.

స్కాట్లండ్ వాళ్లలో చాలామందికి ఈ ర ముందే వస్తుంది, దాని మీద టైమ్ వృథా చేయకండి. అక్కడి సరస్సుల పేర్లలో వినిపించే 'లాఖ్' చివరి గరగర చాలామందికి వస్తుంది, స్పానిష్ 'హోతా' (j) అక్షరానికి అదే పనికొస్తుంది. వాళ్లతో పట్టించుకోవాల్సింది ల. నాలుక వెనక భాగం పైకి లేవడంతో 'సల్' (ఉప్పు) మందంగా పలుకుతుంది.

ప, త, క‌ల దగ్గర మాత్రం దాదాపు అందరూ గాలి వదులుతారు. నోటి ముందు పలచటి కాగితం పట్టి 'పాపా' అనిపించండి, ఎగిరితే తప్పు. 'స్పిన్' అన్నప్పుడు అది ఎగరదు. అందుకే 'స్స్... పిన్' అనిపించి, తర్వాత స తీసేయించాలి.

తెలుగువాళ్లకు ఈ కాగితంతో పనిలేదు. గొర్రె, బుర్ర అనేవాళ్లకు 'పెర్రో' (కుక్క) కష్టమా? మన తప్పులు వేరు. ఇంగ్లిష్ మీదుగా వచ్చిన 'టాకో'ని అలాగే అనేస్తాం, అక్కడ ఉండాల్సింది త. ఊనిక, అంటే మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలన్నది, ఇంకా ఇబ్బంది. 'నేను మాట్లాడతాను', 'అతను మాట్లాడాడు' రెండూ స్పానిష్‌లో ఒకే అక్షరాలు, ఊనికే తేడా. 'ఆబ్లొ', 'అబ్లో' అని తెలుగులో రాసుకుంటే పట్టుబడుతుంది, దీర్ఘాన్ని మరీ లాగకుండా ఉంటే చాలు.

'నాదా' (ఏమీ లేదు)లో మనం ద గట్టిగా కొడతాం. అక్కడ నాలుక పళ్లకు పూర్తిగా ఆనకూడదు, గాలి జారాలి. అమెరికాలోని డల్లాస్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడికి 'మదర్' అనే మాటలో ఆ ధ్వని ఎప్పుడో వచ్చేసింది. ఈ ఒక్కటీ నాన్న కొడుకు దగ్గర నేర్చుకోవచ్చు.