కర్టెన్ రాడ్డుకి నాలుగు కన్నాలు

చేతులు ఇంకా సన్నగా వణుకుతున్నాయి, చెవుల్లో డ్రిల్లు మోత పోలేదు. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. రేపటికి సిగ్గు తగ్గిపోతే కథ నాకు అనుకూలంగా మార్చేస్తానని నా మీద నాకే అనుమానం.

పని చాలా చిన్నది. కిటికీ పైన కర్టెన్ రాడ్డు బిగించాలి. నాలుగంటే నాలుగు కన్నాలు. ఇంతోటి పనికి కార్పెంటర్ రాడు. వస్తానన్నవాడు ఆదివారం అంటాడు, ఏ ఆదివారమో చెప్పడు. మనమే ఒక డ్రిల్ కొనుక్కుంటే పోలా అనుకున్నాను.

మొదటిది కొనడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ డ్రిల్, దానితోపాటు పెట్టె నిండా బిట్లు, అంటే ముందు బిగించే మొనలు. అమ్మినవాడు "అన్నిటికీ వస్తుంది సార్" అన్నాడు. ఈ "అన్నిటికీ" అనే మాట ఎవరి నోట విన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. అల్మారా తలుపు బందులు బ్రహ్మాండంగా బిగించింది, కాదనను. కిటికీ పైన ఉండే కాంక్రీటు దిమ్మె, లింటెల్ మీద పెడితే మాత్రం పెసరగింజంత గుంట పడి ఆగిపోయింది.

తప్పు దానిది కాదని తర్వాత తెలిసింది. కలప అయితే బిట్టు దాన్ని చెక్కుకుంటూ పోతుంది. కాంక్రీటు అలా చెక్కుడుపడదు, దాన్ని కొట్టి పొడి చేయాలి. హామర్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ, తిరిగే బిట్టుని ముందుకీ వెనక్కీ గుద్దుతుంటాయి. నిమిషానికి వేల దెబ్బలు. నా చిన్న డ్రిల్లుకి ఆ గుద్దుడే లేదు. నేను వోల్టులు చూశాను, పెట్టెలో బిట్లు లెక్కపెట్టాను, కన్నం వేయాల్సిన గోడ సంగతి ఒక్కసారి కూడా అనుకోలేదు.

రెండోసారి బుద్ధిగా వారం రోజులు చదివాను. అప్పటికీ ఇంపాక్ట్ డ్రైవర్ కొనేసేవాణ్ణే. ఇంపాక్ట్ డ్రిల్ అన్నా హామర్ డ్రిల్ అన్నా మామూలుగా ఒకటే, అది గోడకి. ఇంపాక్ట్ డ్రైవర్ వేరు, అది మొండి స్క్రూలకి. దాని దెబ్బ తిప్పే వైపు పడుతుంది తప్ప ముందుకి పడదు. ఈ పేర్లు పెట్టినవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. రోటరీ హామర్ అని ఇంకోటుంది. లోపల పిస్టన్ గాలిని నొక్కి కొడుతుంది, కాంక్రీటులో వెన్నలో దిగినట్టు దిగుతుంది. కానీ బరువెక్కువ, బిట్లు కూడా వేరే రకం. గోడలన్నీ కాంక్రీటే అయినవాళ్లు దాని గురించి ఆలోచించండి. ఇటుక గోడలుండి, ఎక్కడో ఒక లింటెల్ తగిలే ఇళ్లకి అంత అక్కర్లేదు.

చివరికి వైరున్న హామర్ డ్రిల్ తీసుకున్నాను. 600 వాట్లు, 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టుని పట్టుకునే నోరు), నొక్కేకొద్దీ వేగం పెరిగే ట్రిగ్గర్, పక్కన రెండో చేతికి పిడి. వైరుది ఎందుకంటే, ఏడాదికి మూడుసార్లు బయటికి తీసే వస్తువుకి బ్యాటరీ దండగ. లిథియం బ్యాటరీ వాడకపోయినా పెట్టెలో ఉండే ముసలిదవుతుంది. వైరుకి ఆ బాధ లేదు. బ్రష్‌లెస్ మోటారు (లోపల కార్బన్ బ్రష్షులు లేనిది), వంద ముక్కల సెట్టు జోలికి పోకండి. ఆ డబ్బుతో మంచి కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) మొన ఉన్న 6, 8 మిల్లీమీటర్ల గోడ బిట్లు రెండు కొనుక్కోండి. స్క్రూ పట్టడానికి కన్నంలో పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గు 6 అయితే బిట్టు కూడా 6.

ఇక ఈరోజు సంగతి.

నేను స్టూలెక్కాను. ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు పొడి కింద పడకుండా కాగితం పట్టుకుని నిలబడింది. పాత బ్రాకెట్ స్క్రూలు ఈ డ్రిల్లుతోనే ఊడదీశాను. హాయిగా వచ్చేశాయి. గోడ బిట్టు బిగించి, సుత్తి బొమ్మ వైపుకి మీట మార్చి, నొక్కాను. ఇల్లంతా అదిరింది. పది నిమిషాలైంది, గోరంత లోతు కూడా దిగలేదు. ఒంటి బరువంతా వేసి నెట్టాను. కాలిన వాసన. దిగి, చెమట తుడుచుకుని, ఫోనులో రివ్యూ రాయడం మొదలుపెట్టాను: "కాంక్రీటులో దిగదు. శుద్ధ దండగ. ఎవరూ కొనొద్దు." పంపేముందు ఇంకొక్కసారి చూద్దామని మళ్లీ ఎక్కాను. ఇంకో పది నిమిషాలు. లోపల ఇనుప చువ్వ అడ్డొచ్చిందని మా ఆవిడకి గట్టిగా వివరించాను కూడా.

"మామయ్యా, కాగితంలోకి పొడి రావట్లేదేంటి?" అంది పిల్ల.

"వస్తుందిలే తల్లీ, నువ్వు సరిగ్గా పట్టుకో."

"కాదు మామయ్యా, ఆగేటప్పుడు మెల్లగా తిరుగుతుంది కదా, అప్పుడు చూశాను. సీసా మూత ఊడదీసేవైపు తిరుగుతోంది."

స్క్రూలు ఊడదీయడానికి పెట్టిన రివర్స్ మీట, ట్రిగ్గర్ పక్కన అలాగే ఉంది. ఇరవై నిమిషాలుగా నేను బిట్టు వీపుతో కాంక్రీటుని రుద్దుతున్నాను. బిట్టు మీది మెలికలు పొడిని బయటికి లాగాల్సింది పోయి లోపలికి కుక్కుతున్నాయి. తీసి చూస్తే మొన నీలంగా మారింది, కార్బైడ్ ముక్క ఊడి ఎక్కడో పడిపోయింది. పిస్తోలులాంటి ఈ పిడికి, ట్రిగ్గరుకి బ్లాక్ అండ్ డెక్కర్ అనే కంపెనీ వాళ్లు 1917లో పేటెంట్ తీసుకున్నారట. వందేళ్లు దాటింది. నేనింకా ఏ వైపు తిరుగుతోందో చూసుకోలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. "చువ్వ" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మీట మార్చి, కొత్త బిట్టు పెట్టి, ముందు మెల్లగా, గుద్దుడు లేకుండా చిన్న గుంట చేసుకుని, తర్వాత హామర్ పెట్టాను. మధ్యమధ్య బయటికి లాగి పొడి వదిలిస్తే నిమిషం దాటకుండా దిగింది. పై గోడకి వేసేటప్పుడు కళ్లజోడు తప్పకుండా పెట్టుకోండి, పొడంతా మొహం మీదికే వస్తుంది. స్విచ్‌బోర్డుకి నిటారుగా పైనా కిందా మాత్రం వేయకండి, వైరు అలాగే పోయి ఉంటుంది. ఫోను తీసి రివ్యూ చెరిపేశాను.

మూడు కన్నాలయ్యాక పిల్ల, "నాలుగోది నేను వేస్తా మామయ్యా" అంది.

"నువ్వింకా చిన్నపిల్లవి."

"కానీ ఏ వైపు తిరగాలో నాకు తెలుసు కదా."

నాలుగోది కూడా నేనే వేశాను. ట్రిగ్గర్ నొక్కేముందు మీట వైపు రెండుసార్లు చూసుకున్నాను. మూడోసారి పిల్ల తొంగి చూసింది.