స్పిట్‌ఫైర్ ముక్కులో ఏం పెట్టాలి

ఆదివారం. చుట్టాలు రాలేదు, ఆఫీసు ఫోన్లు లేవు, బయట ఎండ దంచేస్తోంది. నేను కడుతున్న స్పిట్‌ఫైర్‌ను, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానానికి రిమోట్‌తో ఎగిరే మోడల్‌ను, తూకానికి పెట్టడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు.

రంగు, అక్షరాలు తప్ప విమానం పూర్తయినట్టే. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు. నాది అందులో ఎనిమిదో వంతు, మీటరు నలభై. బాల్సా చెక్క, అక్కడక్కడా ప్లైవుడ్. దీని మీద ‘యు ఎం’ (UM) అనే అక్షరాలు రావాలి. బ్రిటిష్ వాయుసేనలో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ గుర్తు అది. నిజాం రాజ్యం పేరు పెట్టుకున్న దళం. దాని ముద్రలో ఉన్నది నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండులోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరి పోర్ట్‌లాండ్ రేవును కాపాడింది ఈ దళమే. తర్వాత బర్మాకు వచ్చినప్పుడు వాళ్ల స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. హైదరాబాదులో ఉంటూ మోడల్ కడితే ఇంకో దళం గుర్తు వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఈ విమానంతో అసలు చిక్కు ముక్కు దగ్గరే. నిజమైన స్పిట్‌ఫైర్ ముక్కులో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఉండేది. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, ఆరువందల కిలోలకు పైనే. మొత్తం విమానం బరువులో దాదాపు నాలుగో వంతు ఆ ఇంజనే. దాన్ని చూసుకునే అంత పొడవు తోక పెట్టారు. నా బొమ్మలో అదే తోక ఉంది, అదే ముక్కు ఉంది, కానీ ముక్కులో కూర్చున్నది 200 గ్రాముల బ్రష్‌లెస్ మోటారు. 2,100 గ్రాముల విమానంలో పదో వంతు కూడా కాదు. తోక కిందికి జారకుండా ఎలా ఉంటుంది?

పొద్దున్న టిఫిన్ కాగానే ప్రొపెల్లర్లు ముందేసుకున్నాను. రెండు బ్లేడుల 13 బై 8. అంటే వ్యాసం 13 అంగుళాలు, ఒక చుట్టుకు గాలిలో 8 అంగుళాలు ముందుకు పోవాలని లెక్క. సన్న ఇరుసుకు గుచ్చి అయస్కాంతాల మధ్య పెడితే ఒక బ్లేడు మెల్లగా కిందికి దిగి ఆగిపోయింది. బరువున్న బ్లేడును అరగదీయొచ్చు. నేను మాత్రం తేలిక బ్లేడు వెనక కొసన నెయిల్ పాలిష్ పూస్తాను. ఎక్కువైతే తుడిచేయొచ్చు, అరగదీసిన ప్లాస్టిక్ మళ్లీ రాదు.

“అది కొత్త సీసా. విమానానికి మెరూన్ రంగేంటి?” అంది మా ఆవిడ. వెనకవైపు ఎవరికీ కనపడదని చెప్పాను. ఎవరికీ కనపడని చోటికి పాత సీసా చాలదా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంత చిన్న తేడాకు ఇంత తతంగం దేనికంటే, ఇది నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతుంది. చేతికి తెలియని తేడా ఆ వేగంలో ముక్కంతా జలదరించేలా చేస్తుంది, స్క్రూలు వదులవుతాయి, సాల్డరింగు విడిపోతుంది. మోటారు చెడిందనుకుని మార్చేవాళ్లను చూశాను. ప్రొపెల్లర్‌ను ఒక్కసారి తూచి ఉంటే సరిపోయేది.

తర్వాత బాల్కనీలో విమానాన్ని కుర్చీకి కట్టేసి, నేను వెనక నిలబడి, వాట్‌మీటరు పెట్టి త్రాటిల్ పూర్తిగా ఇచ్చాను. నాలుగు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, నిండుగా 16.8 వోల్టులు. లోడు పడేసరికి 15కు దిగింది, మీటరు 40 ఆంపియర్లు చూపింది. అంటే 600 వాట్లు. కిలోకు 280 దాకా వస్తుంది. యుద్ధవిమానం మోడల్‌కు కిలోకు 220 నుంచి 270 ఉంటే హాయిగా ఎగురుతుంది. కాబట్టి శక్తికి లోటు లేదు. సరదాకి 14 బై 7 బిగించి చూస్తే 47కు ఎగబాకింది. ఒక్క అంగుళం పెరిగితే ఇంత తేడా! నా మోటారుకు 45 దాటకూడదు. వెంటనే తీసేశాను. నిజానికి అసలు స్పిట్‌ఫైర్ ప్రొపెల్లర్‌ను ఎనిమిదో వంతుకు కుదిస్తే దాదాపు 16 అంగుళాలు రావాలి, అదీ మూడు బ్లేడులతో. అది కేవలం షోకేసు కోసం. అయినా తొలి స్పిట్‌ఫైర్లకు రెండు బ్లేడుల చెక్క ప్రొపెల్లరే ఉండేది, కాబట్టి నన్ను ఎవరూ తప్పుపట్టలేరు.

చప్పుడుకు పక్క ఫ్లాట్ అమ్మాయి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఇంకో రెండు చేతులు కావాల్సిన సమయానికే వచ్చింది.

స్పిట్‌ఫైర్ రెక్క విమానం కడుపు కిందుగా ఉంటుంది కాబట్టి సీజీ, అంటే విమానం బరువు ముందుకీ వెనక్కీ సమంగా తూగే చోటు, చూడాలంటే తలకిందులుగా పెట్టాలి. మామూలుగా పెడితే బరువంతా పైకి వచ్చి ఎటుపడితే అటు ఒరిగిపోతుంది. ప్లాన్ ప్రకారం రెక్క మొదట్లో ముందంచు నుంచి 85 మిల్లీమీటర్ల దగ్గర నిలవాలి. కర్ర స్టాండుకు వెనక రబ్బరున్న పెన్సిళ్లు రెండు గుచ్చి, వాటి మీద మోపాం. చక్రాలు లోపలికి మడిచే పెట్టాను, ఎగిరేది అలాగే కాబట్టి. స్పిట్‌ఫైర్ కాళ్లు పక్కలకు మడుచుకుంటాయి గనక సీజీ పెద్దగా కదలదు. వెనక్కి మడుచుకునే కోర్సెయిర్‌లాంటివాటికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

3,300 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్) బ్యాటరీని ముక్కులో గోడకు ఆనేదాకా తోసినా 91 దగ్గరే నిలిచింది. ఆరు మిల్లీమీటర్లు తోక బరువు.

“ఇంతేనా? వదిలేయొచ్చుగా అంకుల్” అంది.

వదిలేయకూడదు. ముక్కు బరువైతే విమానం మొద్దులా ఎగురుతుంది, కానీ మాట వింటుంది. తోక బరువైతే ఎలివేటర్ (ముక్కును లేపి దించే తోక రెక్క) కొంచెం కదిపినా ముక్కు ఆకాశానికి లేస్తుంది, దించబోతే నేలను చూస్తుంది. నిజమైన విమానాలకూ ఈ తిప్పలు తప్పలేదు. అమెరికా యుద్ధవిమానం మస్టాంగ్‌లో పైలట్ వెనక 85 గ్యాలన్ల ట్యాంకు పెట్టాక, అది నిండుగా ఉన్నంతసేపూ విమానం కుదురుగా ఉండేది కాదు. అందుకే బయల్దేరగానే ముందు ఆ ట్యాంకు పెట్రోలు కాల్చేసేవాళ్లు.

“టార్క్ లెక్కే కదా” అని అమ్మాయి కాగితం తీసుకుంది. 2,100 గ్రాములు, 0.6 సెంటీమీటర్లు, గుణిస్తే 1,260. మోటారు వెనక గోడ సీజీకి 28 సెంటీమీటర్ల ముందుంది. భాగిస్తే 45 గ్రాముల సీసం.

సీసం నా దగ్గర ఉంది. నిన్న సాయంత్రం వీల్ అలైన్‌మెంట్ షాపులో కొన్నాను. చక్రాల బ్యాలెన్సింగ్‌కు అంటించే ఐదేసి గ్రాముల ముక్కలు, వెనక జిగురుతో సహా. “ఏ బండికన్నా?” అంటే విమానానికన్నాను. నవ్వి, రెండు ముక్కలు ఎక్కువే ఇచ్చాడు. కానీ 45 గ్రాముల సీసాన్ని ముక్కులో పెట్టి మోయడం నాకు అస్సలు నచ్చదు. అది ఎగరదు, ఎగరనివ్వదు, కూర్చుని తినే అల్లుడిలా వెంట వస్తుంది. ముక్కులో బరువు ఎలాగూ పెట్టాలి అన్నప్పుడు అది పనిచేసే బరువైతే ఏం పోయింది?

కాబట్టి బ్యాటరీ మార్చాను. 3,300ది 350 గ్రాములు, 4,000ది 420. ఆ 70 గ్రాములు సీజీకి 18 సెంటీమీటర్ల ముందు పడతాయి. 70 ఇంటూ 18 అంటే సరిగ్గా 1,260. అమ్మాయి రెండుసార్లు గుణించి చూసింది. సీసంతో పోలిస్తే 25 గ్రాములు ఎక్కువే, కానీ ఆరు నిమిషాల ఎగరడం ఏడుంపావుకు పెరుగుతుంది. స్టాండు మీద పెడితే 85 దగ్గర అలా తేలినట్టు నిలిచింది. శక్తి లెక్క ఒకటి, తూకం లెక్క ఇంకొకటి అని విడిగా చేసేవాళ్లు ముందు తేలిక బ్యాటరీ కొని, తర్వాత సీసం కొంటారు.

ముక్కునీ తోకనీ వేళ్ల మీద ఎత్తి చూస్తే ఎడమ రెక్క కొంచెం వాలింది. కుడి రెక్క కొసన ఒక సీసం ముక్క.

ఇక మిగిలింది రంగు. ఇక్కడే చాలామంది మోజులో పడతారు. తోక మీద రంగు 12 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 30 గ్రాములు పెట్టాలి, తోక అంత దూరంగా ఉంది మరి. అందుకే తోకకు పల్చగా ఒకే పూత. అక్షరాలకు రంగు వద్దు, పల్చటి స్టిక్కరు చాలని అమ్మాయే చెప్పింది. కత్తిరించి తెస్తానంది కూడా. మొత్తం ఆరు గ్రాములు వస్తాయని అంచనా, సీజీకి 40 సెంటీమీటర్ల వెనక. బ్యాటరీ ఇప్పటికే గోడకు ఆని ఉంది, ముందుకు జరిపే వీల్లేదు. అందుకని మోటారు పక్కన రెండు సీసం ముక్కలు అంటించక తప్పేలా లేదు. పది గ్రాములు. నిజాం గారి దళం కోసం ఆ మాత్రం మోస్తాను.

భువనగిరి దాటాక రోడ్లు వేసి ఇళ్లు లేని వెంచర్ ఒకటి ఉంది, డ్రోన్ల మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లోనే, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగలిగే చోటులోనే, చూపిస్తోంది. వచ్చే ఆదివారం గాలి తక్కువుంటే పొద్దున్నే అక్కడికి. బ్యాటరీని మాత్రం ఈ రాత్రే సెల్లుకు 3.8 వోల్టులకు దించి పెట్టాలి, వారమంతా నిండుగా ఉంచితే ఉబ్బుతుంది.