తల త్సెటిన్యేలో, కోట ష్కోడ్రలో

మాంటెనెగ్రో నుంచి అల్బేనియా వెళ్ళేవాళ్ళు మామూలుగా సముద్రం పక్క రోడ్డే పట్టుకుంటారు. కోటోర్, బుద్వా, ఉల్సిన్య్ చూసుకుంటూ సరిహద్దు దాటి ష్కోడ్రలో దిగుతారు. మేము కొండల్లోకి మళ్ళి త్సెటిన్యే మీదుగా వెళ్ళాం. కారణం ఒక పుర్రె.

ఆ పుర్రె కారా మహ్మూద్ పాషా బుషాతిది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఉత్తర అల్బేనియాను ఏలిన మనిషి. కాగితం మీద ఒట్టోమన్ సుల్తాను నియమించిన గవర్నరు. 1796లో మాంటెనెగ్రో మీదికి సైన్యంతో వచ్చి, ఇప్పటి రాజధాని పొద్గోరిత్సకు దగ్గర్లో క్రూసి అనే ఊరి దగ్గర ఓడిపోయాడు. గెలిచినవాళ్ళు అతని తల నరికి త్సెటిన్యే పట్టుకెళ్ళారు. అది ఇప్పటికీ అక్కడి మఠం అధీనంలోనే ఉందంటారు.

"ఇంత దూరం వచ్చి పుర్రె చూడ్డమేంటండీ, బీచ్‌లన్నీ వదిలేసి" అని మా ఆవిడ దారి పొడుగునా అంటూనే ఉంది.

త్సెటిన్యే చిన్న ఊరు. ఒకప్పటి రాజధాని అని చెబితే తప్ప తెలియదు. ఊరి చివర రాతి కొండను ఆనుకుని మఠం ఉంది. లోపల సెయింట్ పీటర్ భౌతికకాయం ఉన్న పేటిక దగ్గర జనం వరసలో నిలబడి, వంగి, ముద్దు పెట్టుకుని పోతున్నారు. ఈ సెయింట్ పీటర్ ఎవరో కాదు, క్రూసి యుద్ధంలో మాంటెనెగ్రో వాళ్ళను నడిపించిన బిషప్ పీటర్. చనిపోయాక ఆయన్ని పునీతుణ్ణి చేశారు. అంటే గెలిచినవాడి దేహం, ఓడినవాడి తల ఒకే కప్పు కింద ఉన్నాయన్నమాట. ఒకరికి దణ్ణాలు, ఇంకొకరు ఏ అరలో ఉన్నారో ఎవరికీ పట్టదు.

కొవ్వొత్తులు అమ్ముతున్న కుర్రాణ్ణి పాషా తల గురించి అడిగాను. "అది చూపించరు" అన్నాడు. అడిగేవాళ్ళు తరచూ వస్తారనుకుంటాను, మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. కాస్త ఆగి, "ఈ మఠాన్ని తగలబెట్టింది ఆయనే, 1785లో" అని చెప్పి చిల్లర లెక్కపెట్టుకోవడంలో పడ్డాడు. ఆ మాట నిజమే. ఆ ఏడాది బిషప్ పీటర్ రష్యా వెళ్ళి ఉన్న సమయం చూసుకుని కారా మహ్మూద్ ఈ ఊరి మీద పడ్డాడు. 

పొద్గోరిత్స దాటాక కుడివైపు ష్కోడ్ర సరస్సు మొదలవుతుంది. బాల్కన్ దేశాల్లో ఇంతకంటే పెద్ద సరస్సు లేదు. హనీ ఇ హోతిత్ దగ్గర సరిహద్దు. అక్కడ మా పాస్‌పోర్టులు చూసి లైనులో పక్కకు నిలబెట్టారు, మళ్ళీ ఏమీ అడక్కుండానే పంపించారు. టెన్షన్ అంతా ఆ కాసేపే. సాయంత్రానికి ష్కోడ్రలో ఉన్నాం. వీధుల నిండా సైకిళ్ళు. కూరగాయల సంచులు హ్యాండిల్‌కు తగిలించుకుని డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు కూడా తాపీగా తొక్కుకుంటూ పోతున్నారు. మసీదు, క్యాథలిక్ చర్చి, ఆర్థొడాక్స్ చర్చి అన్నీ నడిచిపోయే దూరంలోనే ఉన్నాయి.

ఈ ఊళ్ళో బుషాతి పాషాల సంగతి అర్థం కావాలంటే మనవాళ్ళకు ఒక సులువుంది. నిజాంను గుర్తు తెచ్చుకుంటే చాలు. మొఘల్ చక్రవర్తి దక్కనుకు పంపిన సుబేదారు 1724 నుంచి తనంతట తానే ఏలుకోవడం మొదలుపెట్టి, ఆ పదవిని కొడుకులకూ మనవళ్ళకూ వదిలి వెళ్ళాడు. అయినా ఢిల్లీ చక్రవర్తి పేరు మాత్రం చెరిపెయ్యలేదు. ష్కోడ్రలో అదే పని 1757లో మెహ్మెద్ పాషా చేశాడు. తేడా ఏమిటంటే అతను పైనుంచి వచ్చిన అధికారి కాదు, పక్క ఊరివాడు. ష్కోడ్రకు దక్షిణాన ఉన్న బుషాత్ గ్రామం వాళ్ళది, ఇంటిపేరు కూడా అదే. అప్పట్లో ష్కోడ్రలో తోళ్ళు శుద్ధి చేసే సంఘానికీ, దర్జీల సంఘానికీ మధ్య వీధి యుద్ధాలు జరిగేవి. ఆ గొడవల్లోంచే పైకొచ్చి ఊరిని చేజిక్కించుకున్నాడు. ఇస్తాంబుల్ కూడా, కాదని సైన్యం పంపడం కంటే ఔనని ఫర్మానా పంపడమే చవక అనుకుంది.

ఒట్టోమన్ పద్ధతిలో గవర్నరుగిరీ వారసత్వం కాదు. పాషాలను ఊళ్ళు మారుస్తూ ఉండేవాళ్ళు, ఎక్కడా వేళ్ళు దిగకూడదని. బుషాతిలు మాత్రం 1757 నుంచి 1831 దాకా, తండ్రి, కొడుకులు, మనవడు, కదలకుండా కూర్చున్నారు. బలం ఎక్కడిదంటే, ఒకటి వ్యాపారం. ఉన్ని, తోళ్ళు, మైనం బూనా నది మీదుగా ఏడ్రియాటిక్ సముద్రానికి చేరి వెనిస్‌కు వెళ్ళేవి. రెండోది కొండజాతులు. ష్కోడ్ర పైన కొండల్లో ఉండేవాళ్ళలో ఎక్కువమంది క్యాథలిక్కులు, సుల్తానుకు శిస్తు కట్టడమంటే గిట్టనివాళ్ళు. ముస్లిం పాషాలు వాళ్ళను కలుపుకునే యుద్ధాలు చేశారు. మతం చూసి ఎవరు ఎటువైపో చెప్పేద్దామంటే ఇక్కడ కుదరదు.

మర్నాడు పొద్దున్నే మెస్ వంతెనకు వెళ్ళాం. ఊరికి ఎనిమిది కిలోమీటర్లు, కిర్ నది మీద. 1770 ప్రాంతంలో బుషాతిల హయాంలో కట్టింది. నూట ఎనిమిది మీటర్ల పొడవు, పదమూడు కమానులు. ష్కోడ్ర నుంచి కొండల మీదుగా కొసొవో వైపు సరుకు మోసుకెళ్ళే గుర్రాలూ గాడిదలూ దీని మీదుగానే నడిచేవి. మేం వెళ్ళేసరికి నదిలో నీళ్ళు పల్చగా ఉన్నాయి, పెద్ద కమాను కింద మాత్రమే పారుతున్నాయి. అంత నీటికి ఇంత వంతెనా అనిపిస్తుంది. రెండు గట్ల మధ్య పరుచుకున్న తెల్ల గులకరాళ్ళ వెడల్పు చూస్తే వానాకాలంలో ఈ నది ఎలా ఉంటుందో తెలుస్తుంది.

వంతెన తిన్నగా లేదు. మధ్యలో చిన్న వంపు తిరిగింది, పెద్ద కమాను దగ్గర వీపు పైకి లేచింది. పైన పరిచిన రాళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. అక్కడక్కడ రాయి కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, కాలు జారకుండా. మా ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకుని దాటింది, బీచ్‌ల గురించి మాట్లాడ్డం మానేసింది. పక్కనే వాహనాలకు కొత్త వంతెన వేశారు కాబట్టి దీని మీద ఇప్పుడు మనుషులూ, ఒకటీ అరా మేకలూ తప్ప ఏమీ పోవు. కింద పొదలకు ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి. ఆ ఒక్కటి బాగు చేస్తే బాగుండు.

మెహ్మెద్ పాషా 1773లో కట్టించిన సీసం మసీదు ఊరికి ఇంకో కొసన, కోట కింద పల్లపు నేలలో ఉంది. గుమ్మటాల మీద సీసపు రేకులు పరిచారు కాబట్టి ఆ పేరు. ఆ పాత రేకులు మిగల్లేదు, పేరు మిగిలింది. బాల్కన్ పల్లెల్లో కనిపించే ఒంటి గుమ్మటం మసీదులా ఉండదు. ముందు వసారాలతో చతురస్రపు ముంగిలి, దాని చుట్టూ చిన్న గుమ్మటాలు, వెనక పెద్దది. అచ్చం ఇస్తాంబుల్ నమూనా. సుల్తాను మాట వినని పాషా, మసీదు దగ్గరకొచ్చేసరికి మాత్రం సుల్తాను ఊరినే కాపీ కొట్టాడు. నాకు ఇందులో భక్తి కంటే దర్పమే ఎక్కువ కనిపించింది.

ఒకప్పుడు దీని చుట్టూ పాత బజారు ఉండేది. వరదలకు తట్టుకోలేక ఊరు ఉత్తరానికి జరిగిపోయింది, మసీదు ఒంటరిదైపోయింది. 1967లో కమ్యూనిస్టు ప్రభుత్వం మతాన్నే నిషేధించినప్పుడు ఊళ్ళో మసీదులు, చర్చిలు ఎన్నో పోయాయి. దీన్ని ముందే సాంస్కృతిక కట్టడంగా నమోదు చేసి ఉండటం వల్ల బతికింది. 1990 నవంబరులో నిషేధం సడలినప్పుడు ష్కోడ్ర ముస్లింలు మళ్ళీ బహిరంగంగా నమాజు చేసింది ఇక్కడే. మేం వెళ్ళినప్పుడు వసారాలో ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పులో ఏమో, గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్ళండని చేత్తోనే చెప్పాడు.

అక్కడి నుంచి తల ఎత్తితే రోజాఫా కోట. ఎండలో ఎక్కడం కష్టమే, దారిలో నున్నటి రాళ్ళు. కోట గోడలో సజీవంగా సమాధి అయిన కోడలి కథ గేటు దగ్గరే ప్రతి గైడూ చెబుతాడు, నేను మళ్ళీ చెప్పను. పైన వెనిస్ గవర్నరు మూడంతస్తుల ఇల్లు ఉంది. చర్చిగా పుట్టి 1479లో ఒట్టోమన్లు వచ్చాక మసీదుగా మారిన మొండి గోడలున్నాయి. దక్షిణం వైపు గోడ మీద నిలబడితే డ్రిన్ నది వచ్చి బూనాలో కలిసే చోటు మొత్తం కనిపిస్తుంది. సరస్సు ఒక పక్క, నదులు ఒక పక్క, ఊరు ఒక పక్క. ఈ గోడల వెనక ఉన్నవాడికి సుల్తాను అంటే భయం ఎందుకు తగ్గుతుందో పైకెక్కితేనే అర్థమవుతుంది.

కారా మహ్మూద్ 1749లో పుట్టాడు. తండ్రి మెహ్మెద్ పోయాక, ముప్పై దాటకుండానే గద్దెనెక్కాడు. ఇరుగు పొరుగు పాషాలతో గొడవలు, వెనిస్ సరిహద్దుల్లో దాడులు, త్సెటిన్యే దహనం. తమది మాంటెనెగ్రోను ఒకప్పుడు ఏలిన త్స్ర్నోయెవిచ్ వంశమేనని బుషాతిలు చెప్పుకునేవాళ్ళు, కాబట్టి అతని దృష్టిలో అది పరాయి నేల కాదు. అనుమతి లేకుండా యుద్ధాలు చేస్తున్నాడని సుల్తాను అతన్ని ద్రోహిగా ప్రకటించి 1787లో సైన్యాన్ని పంపాడు. కొద్దిమందితో ఈ కోటలోనే నెలల తరబడి కాచుకుని కూర్చున్నాడు. కొండల నుంచి క్యాథలిక్ జాతులవాళ్ళు దిగి ముట్టడి వేసినవాళ్ళను వెనక నుంచి కొట్టారు, సుల్తాను సైన్యం చెల్లాచెదురైంది.

ఆ తర్వాత జరిగింది చూడండి. ఒట్టోమన్లకూ ఆస్ట్రియాకూ యుద్ధం వచ్చింది. సుల్తాను మీద తిరగబడ్డ పాషా కదా, మనవైపు వస్తాడని ఆస్ట్రియా చక్రవర్తి జోసెఫ్ 1788లో కానుకలతో రాయబారులను పంపాడు. కారా మహ్మూద్ మర్యాదలన్నీ చేశాడు. వాళ్ళు తిరుగు ప్రయాణం కట్టాక పట్టుకుని తలలు నరికించి ఇస్తాంబుల్ పంపించాడు. ద్రోహి ముద్ర తొలగిపోయింది, క్షమాపణ వచ్చింది. క్రూరత్వం సరే, ఆ కాలంలో అందరిదీ అదే తంతు. నన్ను కదిలించింది అతని లెక్క. ఆస్ట్రియాతో కలిస్తే ఇంకొక యజమాని దొరుకుతాడు. సుల్తానుకు పనికొస్తే పాత యజమానే దూరంగా ఉంటాడు. ఈ కుటుంబం మొత్తం బతికింది ఆ దూరం మీదే.

ఆ బుద్ధి మాంటెనెగ్రో విషయంలో పనిచెయ్యలేదు. 1796 జూలైలో మార్తినిచి దగ్గర ఓడిపోయి వచ్చాడు. అక్కడితో ఆగాల్సింది. అదే ఏడాది మళ్ళీ వెళ్ళాడు, తిరిగి రాలేదు. నలభై ఏడేళ్ళు.

మా గెస్ట్‌హౌస్ ఆవిడ రాత్రి సరస్సు చేప పులుసు లాంటిది వడ్డిస్తూ, మేం ఎక్కడి నుంచి వచ్చామో విని, "త్సెటిన్యే వెళ్ళారా? చూశారా?" అని అడిగింది. ఏం చూశామని అడుగుతోందో చెప్పనక్కర్లేదు. చూపించలేదని చెప్పాను. "చూపించరు. ఇవ్వరు కూడా" అంది. ఆ మాట అన్నాక ఇంకో ముక్క చేప వేసింది. ఆవిడకు పాషా మీద పెద్ద అభిమానమేమీ ఉన్నట్టు లేదు, వాళ్ళ ఊరి మనిషి అంతే.

అతని తర్వాత తమ్ముడు ఇబ్రహీం, తర్వాత 1810 ప్రాంతంలో ముస్తఫా పాషా. అప్పటికి ఇస్తాంబుల్‌లో కాలం మారిపోయింది. సుల్తాను రెండో మహ్మూద్ 1826లో తమ సొంత సైన్యంలోని జానిసరీ దళాలనే తుడిచిపెట్టినవాడు, వారసత్వ పాషాలను ఉంచుతాడా? 1831లో ముస్తఫా తిరగబడి దక్షిణంగా కదిలాడు, ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని ప్రిలెప్ దగ్గర ఓడిపోయి రోజాఫాలో దూరాడు. ఈసారి కోటను ఫిరంగులతో నెలల తరబడి కొట్టారు. నవంబరులో తలుపులు తెరిచాడు.

హైదరాబాదువాణ్ణి కాబట్టి ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. సరిగ్గా నూరేళ్ళ తర్వాత, 1931 నవంబరులో, ఈ రెండో మహ్మూద్ ముని మనవరాలు దుర్రు షెహ్వార్ ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం పెద్ద కొడుకును పెళ్ళాడి మన ఊరి కోడలైంది. వారసత్వ పాషాలను ఒక్కొక్కరినీ పీకేసిన సుల్తాను వంశం, చివరికి ఒక వారసత్వ సుబేదారు ఇంటికి పిల్లనిచ్చింది. అప్పటికి ఒట్టోమన్ సింహాసనమే లేదు.

ముస్తఫా పాషాను మాత్రం చంపలేదు. ఇస్తాంబుల్ తీసుకెళ్ళి, కొన్నాళ్ళు కూర్చోబెట్టి, తర్వాత వేరే ప్రాంతాలకు గవర్నరుగా పంపారు. జీతం మీద, బదిలీ ఎప్పుడంటే అప్పుడు వెళ్ళేలాగా. 1860లో మదీనాలో చనిపోయాడు. ష్కోడ్రకు కూడా ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన పాషాలే.