జిప్సీకి లిఫ్ట్ కిట్టు బిగించే ముందు

మా నాన్నగారు 1998లో కొన్న మారుతి జిప్సీ కింగ్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నర్సీపట్నం దగ్గర ఉన్న మా జీడిమామిడి తోటకు వెళ్ళే దారి వానాకాలంలో దారిలా ఉండదు. గట్టు దిగి గెడ్డ (వాగు) దాటి మళ్ళీ రాళ్ళ ఎగువ ఎక్కాలి, ఆ ఎక్కేచోట బండి వెనక బంపరు నేలను గీసుకుంటూ వెళుతుంది. అందుకే బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్టు తెప్పించాను. నాలుగు కొత్త కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు), నాలుగు పొడవాటి షాక్ అబ్జార్బర్లు, కట్టలను బిగించే యూ బోల్టులు, బుష్షులు అన్నీ వచ్చి మూడు వారాలైంది. అవి ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. ఎందుకు బిగించలేదని అడిగిన ప్రతివారికీ ఒక్కటే చెబుతున్నాను: పాత బండిని పైకి లేపితే దానిలోని అరుగుదల కూడా పైకి తేలుతుంది, కాబట్టి ముందు ఆ అరుగుదల ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవాలి.

అసలు లిఫ్ట్ వల్ల ఏమి పెరుగుతుందో ముందుగా స్పష్టంగా తెలుసుకోవడం మంచిది. జిప్సీకి ముందూ వెనకా చక్రం నుంచి చక్రానికి ఒకే కడ్డీలా ఉండే హౌసింగులు ఉంటాయి, వాటికి కింది వైపున కమాన్ కట్టలు బిగించి ఉంటాయి. ఆ కట్టలను ఎత్తు చేస్తే చాసిస్, బాడీ, బంపర్లు పైకి లేస్తాయి గాని, హౌసింగులో చక్రాలను తిప్పే గేర్లుండి, నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు, నేను వేయాలనుకుంటున్న 215/75 ఆర్15 టైరు ఎత్తు సుమారు 703. తేడాలో సగం, అంటే దాదాపు 18 మిల్లీమీటర్లు మాత్రమే హౌసింగు కింద దొరుకుతుంది. ఆ టైరు వేస్తే స్పీడోమీటరు 60 చూపించేటప్పుడు బండి నిజంగా 63 దగ్గర నడుస్తుంది, 1298 సీసీ కార్బురేటర్ ఇంజను మీద ఎగువలో ఆ మేరకు భారం కూడా పెరుగుతుంది. మా తోట దారిలో తగులుకునేది బంపరు గాని గుండు కాదు గనుక కిట్టు నాకు పనికొస్తుంది. రాళ్ళ మధ్య గుండు తగిలే దారిలో తిరిగేవారు ముందు టైర్ల గురించి ఆలోచించాలి.

ఎత్తు పెంచడానికి తక్కువ ఖర్చు మార్గాలు కూడా ఉన్నాయి. ఉన్న కట్టలోనే ఒక అదనపు పట్టీ దూర్చడం ఒకటి. పొడవాటి షాకిళ్ళు (కట్ట ఒక కొసను చాసిస్‌కు కలిపే ఊగే లింకులు) వేయడం మరొకటి. షాకిల్ ఒక అంగుళం పొడవు పెరిగితే బండి అర అంగుళమే లేస్తుంది, పైగా జిప్సీ ముందు కట్టలకు షాకిల్ ముందు కొసన ఉంటుంది కాబట్టి, అక్కడ పొడవు పెంచితే కట్ట ముందు కొస కిందికి దిగి, హౌసింగు ముందుకు తిరిగి, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) వెనక్కి వాలి ఉండే కోణం తగ్గిపోతుంది. ఆ కోణం తగ్గితే మలుపు తిప్పిన తర్వాత స్టీరింగు తనంతట తాను సూటిగా రాదు, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటూ నడుస్తుంది. హౌసింగు కింద ఉన్న కట్టలను దాని మీదకు ఎక్కించే పద్ధతిలో ఎత్తు చాలా ఎక్కువ వస్తుంది గాని, దానితో పాటు స్టీరింగు లింకులు, షాఫ్టులు, బ్రేకు గొట్టాలు అన్నీ మార్చక తప్పదు. తోటకు ఎరువు బస్తాలు మోసే బండికి అంత అవసరం లేదని నా అభిప్రాయం.

మొదట చేసిన పని కొలత. బండిని చదునైన గచ్చు మీద నిలిపి, టైర్లలో గాలి సమంగా పెట్టి, ప్రతి చక్రం హబ్బు మధ్యనుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు నిలువుగా కొలిచాను. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కలిసిపోయి లెక్క తప్పుతుంది. మా స్నేహితుడి దగ్గర ఇదే మోడల్ జిప్సీ ఉంది, దాని కట్టలు కిందటేడాది కొత్తవి వేయించారు. రెండిటినీ పోల్చితే మా బండి వెనక ఎడమవైపు 22, వెనక కుడివైపు 30 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. అంటే నేను డబ్బు పెట్టి కొన్న 50 మిల్లీమీటర్ల లిఫ్టులో సగం పైచిలుకుకు సమానమైన ఎత్తును, కుడివైపు కట్ట ఇన్నేళ్ళుగా కుంగి పోగొట్టుకుంది. దీనివల్ల ఇంకో విషయం తేలింది. బండి కంపెనీ ఎత్తుకంటే రెండంగుళాలే పైకి వెళ్తున్నా, ఈ బండిలోని షాఫ్టులకు, గొట్టాలకు, కేబుళ్ళకు మాత్రం ఒకేసారి 80 మిల్లీమీటర్ల మార్పు వస్తుంది. ఇన్నేళ్ళూ కుంగిన చోటే తిరిగి, అక్కడే అరిగిన భాగాలవి.

తరవాత కుడివైపు వెనక కట్టను శుభ్రం చేశాను. వైరు బ్రష్షుతో తుప్పు పొరలు రాల్చి, డీజిల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, టార్చి లైటు ఏటవాలుగా వేసి చూశాను. మెయిన్ పట్టీ మీద, సెంటర్ బోల్టుకు బెత్తెడు దూరంలో, తల వెంట్రుక మందాన ఒక ఎర్రటి గీత కనిపించింది. గుడ్డతో తుడిస్తే పోయింది, రెండు నిమిషాల్లో మళ్ళీ డీజిల్ ఊరి అదే చోట తేలింది. అది గీత కాదు, పగులు. ఆ పట్టీ మీద మా పిల్లలను కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు ఘాట్ రోడ్డు దిగి వచ్చామో తలచుకుంటే ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

అదే చోట మరొకటి కూడా బయటపడింది. కొన్నేళ్ళ కిందట ఒక వర్క్‌షాపులో వెనక బుష్షులు మార్పించాము. యూ బోల్టులు ఒకసారి పూర్తి బిగువుకు తెచ్చాక సాగుతాయి, విప్పితే పారేసి కొత్తవే వేయాలి. వాళ్ళు పాతవే మళ్ళీ బిగించారు. ఒక బోల్టు మర చివర సన్నబడి నడుము చిక్కినట్టు కనిపిస్తోంది. కొత్త కిట్టుతో కొత్త యూ బోల్టులు వచ్చాయి గాని, కిట్టు కొనని వారు కూడా కట్ట విప్పిన ప్రతిసారీ వీటిని మార్పించుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

ముందువైపు పని మా మేస్త్రి చూశారు. ఆయన ముందు హౌసింగును జాకీ మీద లేపి, చక్రం పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపి, నన్ను బ్రేకు తొక్కమన్నారు. బ్రేకు తొక్కితే హబ్బు బేరింగు ఆట (వదులు) ఆగుతుంది, ఇంకా కదులుతోందంటే అది కింగ్ పిన్ బేరింగుల ఆట. కదిలింది.

"బాబూ, అరవై దాటితే స్టీరింగు వణుకుతోందన్నారు కదా, వణుకు ఇక్కడిది. దీన్ని ఇలాగే ఉంచి బండి లేపితే ఆ వణుకు ఇంకా ముదురుతుంది, తరవాత కిట్టు మంచిది కాదంటారు" అన్నారు.

ఆ మాట నాకు బాగా పట్టింది. అందుకే కింగ్ పిన్ బేరింగులు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్, డ్రాగ్ లింక్‌ల కొసలు ముందుగా మార్చి, పాత ఎత్తులోనే నెల రోజులు నడిపి చూడాలని నిశ్చయించుకున్నాము. వణుకు పూర్తిగా పోయాకే కొత్త కట్టలు ఎక్కుతాయి. రెండూ ఒకేసారి చేస్తే ఏ లోపం దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. బండి లేచాక డ్రాగ్ లింక్ ఏటవాలు పెరిగి స్టీరింగు చక్రం ఒక పక్కకు తిరిగి ఉంటుంది, దాన్ని లింక్ పొడవు సవరించి సూటిగా తేవాలి గాని స్టీరింగు చక్రం ఊడదీసి తిప్పి పెట్టకూడదు.

షాఫ్టుల పరీక్షకు మేస్త్రి చెప్పిన ఉపాయం చాలా సులువైనది. హౌసింగుకు శక్తిని తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సర్దుకోవడానికి లోపలికీ బయటికీ జారే చోట తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, బండిని చాసిస్ కింద స్టాండ్ల మీద నిలిపి, చక్రాలను గాలిలో వేలాడనిచ్చి, గీత ఎంత దూరం బయటకు జరిగిందో చూశాము. లిఫ్టు తరవాత చక్రం ఇంకా కిందికి దిగుతుంది కనుక, ఆ జారే చోట పళ్ళ పట్టు ఎంత మిగులుతుందో అప్పుడే అంచనా వేయవచ్చు. వెనక షాఫ్టు క్రాసుల్లో (కోణంలో తిరగనిచ్చే కీళ్ళలో) ఒకటి చేత్తో తిప్పితే ఒకచోట పట్టేసి వదులుతోంది, అది మార్చవలసిందే. జిప్సీలో ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకుని ఉండదు. విడిగా మూడు రబ్బరు మౌంట్ల మీద కూర్చుని, చిన్న షాఫ్టుతో గేరుబాక్సుకు కలుస్తుంది. ఆ రబ్బర్లు చీలి ఉంటే షాఫ్టు కోణం పెరిగిన తరవాత కేసు మెలితిరిగి చప్పుడు చేస్తుంది. మా బండిలో రెండు చీలి ఉన్నాయి.

చక్రాలు వేలాడుతుండగానే బ్రేకు రబ్బరు గొట్టాలు చూశాము. ముందు గొట్టాలు ఇప్పటికే బిగుతుగా ఉన్నాయి, కాబట్టి పొడవాటివి తెప్పిస్తున్నాను. బ్రేకు గొట్టం విషయంలో సర్దుకోవడం అనేది ఉండకూడదు. హౌసింగుల మీద గాలి పోయే చిన్న గొట్టాలను చాలామంది పట్టించుకోరు. వేడెక్కిన హౌసింగు గెడ్డ నీటిలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ గొట్టం సాగి ఊడిపోయి ఉంటే నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నూనె తెల్లగా మారిన సంగతి గేర్లు పాడయ్యాక గాని తెలియదు.

సముద్రానికి దగ్గర ఊళ్ళలో తిరిగిన బండి కనుక చాసిస్ మీద కట్టలు తగిలే బ్రాకెట్ల చుట్టూ సుత్తితో మెల్లగా కొట్టి, స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూశాను. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అదృష్టవశాత్తు అన్నీ ఖంగుమన్నాయి. షాకిల్ బోల్టులు మాత్రం బుష్షుల లోపలి ఇనుప గొట్టాలకు తుప్పుతో అంటుకుపోయాయి. వారం రోజులుగా రోజూ ఉదయం తుప్పు వదిలించే నూనె పోస్తున్నాను. వెనకవైపు బోల్టులకు గ్యాసు మంట పెట్టడానికి నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే పెట్రోలు ట్యాంకు అక్కడే, డిక్కీ కింద ఉంది. రాకపోతే రంపంతో కోస్తాము. కొత్త బుష్షుల బోల్టులను బండి నేల మీద తన బరువుతో నిలిచాకే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరిగిపోతుంది.

చట్టం సంగతి కూడా ఈ సన్నాహంలో భాగమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని ధ్రువీకరించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు ఏర్పడింది. మా బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు దాటి, ఇప్పుడు అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ పరీక్షతో పునరుద్ధరణ అవుతోంది. అందుచేత కిట్టు వివరాలు, కొలతలు జతచేసి రవాణా కార్యాలయానికి, ఇన్సూరెన్సు వారికి రాతపూర్వకంగా అడిగాను. వారు వద్దంటే కంపెనీ ఎత్తు కొత్త కట్టలు వేయించి, కిట్టును అమ్మేస్తాను. కుంగిన 30 మిల్లీమీటర్లు తిరిగి వస్తే మా గట్టు దగ్గర బంపరు చాలావరకు తప్పించుకుంటుంది.

అరిగిన భాగాలను మార్చడానికి ఏ అనుమతీ అక్కర లేదు. పగిలిన పట్టీ ఉన్న బండిని ఇక రోడ్డు ఎక్కించను. కుడివైపు వెనక కట్టను రేపే దింపి, మెయిన్ పట్టీని కొలత కోసం కమాన్ కట్టలు చేసే షాపుకు తీసుకెళ్తున్నాను. కొత్త పట్టీ వచ్చాక కింగ్ పిన్ బేరింగులు ఎక్కించి, ఖాళీ బండితో అనకాపల్లి వరకు వెళ్ళి, అరవై దగ్గర స్టీరింగు మీద చెయ్యి వదులుగా ఉంచి చూస్తాము.