నీళ్ళ కింద ఊరు, నీళ్ళ కింద దేవుడు

మా అమ్మ తలమీద మొదటి చెంబు పోసుకుంటూ ‘గంగే చ యమునే చైవ’ శ్లోకం చదువుతుంది. అందులో గోదావరి ఉంది, కావేరి ఉంది, కృష్ణ లేదు. అందుకని శ్లోకం అయ్యాక ‘కృష్ణమ్మా, నువ్వూ రా తల్లీ’ అని ఇంకో చెంబు పోసుకుంటుంది. చెన్నైలో మా ఇంట్లో రోజూ వినిపించే మాటే ఇది.

అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయం ముంపులో పోయింది. 1981లో ఊరు ఖాళీ చేసేటప్పుడు తలుపులు, దూలాలు విప్పి బండ్లమీద వేసుకుని వచ్చారట. అప్పుడే మునిగిన సంగమేశ్వరుడి గుడి మళ్ళీ బయటపడింది 2003లో. ఇప్పుడు ఏటా వేసవిలో నీళ్ళు బాగా తగ్గితే కనిపిస్తుంది. ఈ ఏప్రిల్‌లో తేలిందని తెలియగానే అమ్మ సంచీ సర్దుకుంది.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా వెళ్ళాం. చివర్లో రోడ్డు వదిలి, ఎండి బీటలు వారిన ఒండ్రుమట్టి మీద నడక. కాలికింద ఆలిచిప్పలు పటపటమన్నాయి. నెలల క్రితం అక్కడ మా తల మీదుగా చేపలు తిరిగి ఉంటాయి.

తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. ఏడు నదులు కలిసే చోటని పేరు. మిగతావన్నీ తూర్పుకి పోతుంటే, నల్లమలలో పుట్టిన భవనాశి ఒక్కటే ఎదురొచ్చి కలుస్తుందంటారు. గుడిలో లింగం రాయి కాదు, వేపమొద్దు. భీముడు కాశీ నుంచి లింగం తేవడం ఆలస్యమై, ముహూర్తం దాటిపోతుందని ధర్మరాజు వేపకొయ్యనే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. రాతిగోడలు చాలావరకు కరిగి, నున్నబడి, కూలాయి. ఏటా అన్ని నెలలు నీళ్ళలో నానే ఆ మొద్దు మాత్రం అలాగే ఉంది. దాని ముందు కూర్చుంటే నాకు మాట రాలేదు.

పూజారి హారతిచ్చి మంత్రపుష్పం ఎత్తుకున్నారు. ‘యోఽపామాయతనం వేద, ఆయతనవాన్ భవతి.’ ఎన్ని గుళ్ళలో విన్నానో ఈ మాట, ఒక్కసారీ అర్థం అడగలేదు. ఆ రోజు అడిగాను. ‘నీళ్ళకు నెలవేదో ఎరిగినవాడికి తన నెలవు దొరుకుతుంది’ అన్నారాయన. నిప్పు, గాలి, సూర్యుడు, చంద్రుడు, చుక్కలు, మబ్బులు, ఏడాది అన్నీ వరసగా నీళ్ళకు ఇళ్ళట, వాటన్నిటికీ మళ్ళీ నీళ్ళే ఇల్లట. పక్కన నీళ్ళకు ఇల్లిచ్చిన మనిషి చేతులు జోడించి కూర్చుని ఉంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

బయటికొచ్చాక, మనసులో ఎన్నాళ్ళుగానో ఉన్నది చెప్పేశాను. ఈ నీళ్ళే పోతిరెడ్డిపాడు దగ్గర కాలువకెక్కి, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు దాటి పూండి చేరతాయని, చెన్నై కొళాయిల్లో వచ్చేవాటిలో ఇవీ ఉన్నాయని.

‘తెలుసులేరా నాయనా. తెలుగుగంగ నీళ్ళు వచ్చినాయని మీ నాయన చెప్పిన్నాడే తెలుసు. మనూరి మీద నుంచే గదా వచ్చేది’ అంది.

1996లో ఆ నీళ్ళు తొలిసారి తమిళనాడుకు చేరాయి. అంటే ఇన్నేళ్ళూ రోజూ ‘నువ్వూ రా తల్లీ’ అని అమ్మ పిలిచింది తన ఊరిని ముంచిన నీళ్ళనే. కోపం రాలేదా అని అడిగాను. ‘రాకేం. మా నాయన ఆ చేను కోసం ఏడ్సి ఏడ్సి పోయినాడు. అయినా నీళ్ళకేం తెలుసురా, పల్లమొస్తే పోతాయి. నీ బిడ్డలకు పాలల్లో కలిపింది గూడా ఆ నీళ్ళే గదా.’

రేవులో మోకాళ్ళ లోతు దిగి స్నానం చేసింది. శ్లోకం చదివింది. ఈసారి చివర పిలుపు లేదు. సీసాలో మిగిలిన మా ఇంటి మంచినీళ్ళు మెల్లగా ఏట్లోకి వంచింది.

‘మనూరు ఏవైపమ్మా?’ అన్నాను. చెయ్యెత్తి చూపించింది. అటు ఇంకా నీళ్ళే. ఒక పుట్టి వలేసుకుంటూ పోతోంది. గొర్రెలమంద ఒకటి మా పక్కనే నీళ్ళకు దిగింది. అవి తాగి గట్టెక్కేదాకా అమ్మ అక్కడి నుంచి కదల్లేదు.