రెండు రోజులని వచ్చింది, నాలుగు నెలలు ఉంది

ఆ జూన్ రాత్రి పలాస వైపు నుంచి వచ్చే బస్సు శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆగేసరికి పదిన్నర. మా ఆయన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఏళ్ల ఆడమనిషి, ఏడేళ్ల గుంటడు, ఒక గోనెసంచి దిగాయి. మా సంఘం పాస్టరు అయ్యగారు సాయంత్రమే ఫోన్ చేశారు: "రెండు రోజులమ్మా, ఈలోగా ఏదో దారి చూద్దాం." ఉద్దానంలో ఆమె వెళ్లే సంఘం పాస్టరుగారు మా అయ్యగారికి తెలిసినవారు. భర్త తాగొచ్చి కొడతాడు, ఆ రోజు పిల్లాడి మీద కూడా చెయ్యి చేసుకున్నాడు. అంతకు మించి మేమేమీ అడగలేదు.

అన్నం పెడుతుంటే ఆమె చేతులు చూశాను. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి వేళ్ల కొసలు నల్లగా మాడిపోయాయి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. పిక్క తొక్కలోని నూనె తగిలితే నిప్పు తగిలినట్టే. కారం కలుపుకోలేక ఉత్త పెరుగన్నం తింది, అదీ చెంచాతో. వంటింటి గుమ్మం దగ్గర కింద కూర్చుంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

మాది బలగలో అద్దె ఇల్లు. హాలు, ఒక గది, వంటిల్లు. మేమిద్దరం, అత్తమ్మ, పదో తరగతి చదివే పాప, చిన్నోడు. హాల్లో పాప చదువుకునే చోట వాళ్లకి పక్క వేశాం. "ఆతిథ్యము చేయ మరవకుడి" అని హెబ్రీ పత్రికలో చిన్నప్పుడు కంఠతా పట్టిన మాట, ఇన్నాళ్లకి నా ఇంట్లో నెరవేరుతోందని ఎంత సంతోషించానో.

మొదటి మూడు వారాలు బాగానే జరిగింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. నలభై ఐదు రోజులొచ్చే గ్యాస్ బండ నెలకే అయిపోయింది. పాప పుస్తకాలు పట్టుకుని పక్కింటి మేడ మెట్ల మీద కూర్చునేది. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒక రాత్రి పదకొండింటికి ఆమె భర్త తాగి మా గేటు దగ్గరికొచ్చి కేకలేశాడు. వీధంతా లేచింది. మా అడ్రసు అతనికి ఎలా తెలిసిందా అని బెంగపడ్డాం. రెండు రోజులకి ఆమే చెప్పింది, పెరట్లో ఫోన్లో మాట్లాడుతూనే ఉందట, అడ్రసూ తనే చెప్పిందట. "మారిపోయానన్నాడక్కా," అంది.

నాకు కోపం వచ్చింది, కానీ ఆమెతో అనలేదు. గిన్నెలు విసురుగా పెట్టాను. ఆమె ముందు నవ్వి, గదిలో మా ఆయన దగ్గర సణిగాను. పేతురు పత్రికలో ఆతిథ్యము చేయమన్నచోట "సణుగుకొనకుండ" అనే మాట కూడా ఉంది. నెల రోజులు నేను చేసింది సణుగుడే. ఆమెకి అది తెలియదనుకున్నాను. గుంటడు మాత్రం నన్ను చూస్తే పళ్లెం వదిలేసి లేచిపోయేవాడు.

స్త్రీల కూడిక అయ్యాక పాస్టరమ్మగారి దగ్గర ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. యేసు చెప్పిన మంచి సమరయుడి ఉపమానం మళ్లీ చదవమన్నారు. చిన్నప్పట్నుంచీ విన్నదే కదా అనుకుంటూ చదివాను. ఆ సమరయుడు దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి తన ఇంటికి తీసుకెళ్లలేదు. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. ఒక రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఆ ఇంటివాడికిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానని చెప్పి తన దారిన వెళ్లాడు. ఖర్చు పెట్టుకున్నాడు, ఇంకొకరికి అప్పజెప్పాడు, మళ్లీ వస్తానన్నాడు. ఆ కథలో నేను ఎప్పుడూ పూటకూళ్లవాణ్ణి పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన, నేను ఆమెను కూర్చోబెట్టాం. చెప్పాల్సింది నాలుగు రోజుల ముందే కాగితం మీద రాసుకున్నాను. లేకపోతే ఆమె కళ్లు చూసి మానేస్తానని భయం. దసరా సెలవులయ్యేదాకా ఇది నీ ఇల్లే. ఆ తర్వాత నీకో గది చూద్దాం, అడ్వాన్సు మేం కడతాం. ఈలోగా అతను గేటు దాటి రాకూడదు, వస్తే పోలీసులకి ఫోన్ చేస్తాం. అతనితో మాట్లాడాలో వద్దో నీ ఇష్టం, మా ఇంటి విషయాలు మాత్రం చెప్పొద్దు. నువ్వు పని వెతుక్కో, బాబుని బళ్లో వేద్దాం.

"మమ్మల్ని ఎలిపొమ్మంటన్నావా అక్కా?" అంది. కాదని చెప్పబోతే గొంతు పెగల్లేదు. ఆ పూట తిండి తినలేదు, పిల్లాణ్ణి పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అత్తమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. సంఘంలోనూ కొందరు అన్నారు, ఎవరని రాయను. మూడో రోజు పొద్దున్న ఆమే నా దగ్గరికొచ్చింది. "ఆఫీసులకి నువ్వు నా కూడా వస్తావా?"

వెళ్లాను. ఆడవాళ్ల సహాయానికున్న 181 నంబరుకి ఫోన్ చేస్తే, కష్టంలో ఉన్న ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. అక్కడ కౌన్సెలింగ్ ఉంటుంది, కొద్ది రోజులు ఉండనిస్తారు. మాకు కావాల్సింది ఉండే చోటు కాదు, దారి చెప్పే మనిషి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి రిపోర్టు రాస్తారనీ, ఇల్లు భార్య పేరున లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందనీ, భర్త నుంచి ఖర్చులు అడగొచ్చనీ అక్కడే తెలిసింది. కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు ఆమె చెయ్యి వణికింది. పేరు మాత్రం పూర్తిగా రాసింది, ఇంటిపేరుతో సహా.

బడి దగ్గరే ఎక్కువ తిరిగాం. ఒకచోట టీసీ లేనిదే చేర్చుకోం అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని పిల్లల్ని ఆపకూడదని మా పాప టీచరమ్మ చెప్పారు, మేం ఆ మాటే అన్నాం. చేర్చుకున్నారు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కర్రీ పాయింట్‌లో కూరలు తరిగే పని దొరికింది. గది మాకు రెండు వీధుల అవతలే. సంఘంలో స్త్రీలు గిన్నెలూ బియ్యమూ పోగుచేశారు. నన్ను మాట అన్నవాళ్లే బిందె తెచ్చారు.

అనుకున్న రోజు దాటి తొమ్మిది రోజులు ఉన్నారు. గది ఖాళీ కాలేదు, నేనూ తేదీ పట్టుకుని కూర్చోలేదు. కానీ వెళ్లే రోజు మా ఇంటి తాళంచెవి అడగాల్సి వచ్చింది. గడువు చెప్పిన రోజు కన్నా అదే నాకు కష్టమైంది. అడిగితే నమ్మకం లేదనుకుంటుంది. అడక్కపోతే, అతను ఆమె కొంగులోంచి లాక్కుంటే? ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొంగు ముడి విప్పి, చెవి నా చేతిలో పెట్టి, "అందుకేనక్కా, నానే ఇచ్చేద్దామనుకున్నాను," అంది.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకి వీలున్నప్పుడు నేనూ వెళ్తున్నాను. అతను రెండుసార్లు వచ్చాడట, తలుపు తియ్యలేదు.

క్రిస్మస్ వెళ్లిన వారానికి మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఉన్న ఒక్క కుర్చీలో అత్తమ్మని కూర్చోబెట్టింది. నేను వడ్డించడానికి లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టింది, "నువ్వు కూకో అక్కా, మా ఇంటికొచ్చినావు." ఎండు నెత్తళ్లూ వంకాయా, కారం గట్టిగా వేసింది. మా అందరికీ పెట్టాక తనూ పళ్లెం తెచ్చుకుని మా పక్కన కూర్చుని, ఎర్రటి పులుసు అన్నంలో పోసుకుని, చేత్తో కలుపుకుంది.